పాట తీసేస్తే కథకి చిల్లు పడాలి: పెద్ద సినిమాల పాటలపై నా వాదన

కీబోర్డ్_కుర్రాడు
అందరికీ నమస్తే. నాకు పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్, మాది ఖమ్మం. మా క్లాసులో రోజూ ఒకటే గొడవ. ఎవరి హీరో పాటకి యూట్యూబ్‌లో ఎక్కువ వ్యూస్ వచ్చాయి, ఎవరి సినిమా బీజీఎంకి, అంటే సీన్ల వెనక వచ్చే సంగీతానికి, థియేటర్ దద్దరిల్లింది అని. ఈ రెండు లెక్కలూ నాకు నచ్చవు. పెద్ద సినిమా పాటకి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. ఆ పాట తీసేసి సినిమా చూస్తే కథకి చిల్లు పడాలి. పడలేదంటే అది ఎంత హిట్టయినా సినిమాలోంచి పుట్టిన పాట కాదు, సినిమాలో తెచ్చి పెట్టిన పాట.

'ఆర్ఆర్ఆర్'లో 'కొమురం భీముడో' తీసుకోండి. జనం అందరి ముందూ భీముణ్ని కట్టేసి, బ్రిటిష్ వాళ్ల పోలీసుగా ఉన్న రామరాజు చేతే కొరడాతో కొట్టిస్తారు. మోకాళ్ల మీద కూలబడేలా చేయాలని చూస్తారు. అతను కూలబడడు, పాడతాడు. ఆ పాట విన్న జనం తిరగబడతారు. రామరాజు తన ఊరికి తుపాకులు చేర్చాలని ఏళ్ల తరబడి పథకం వేస్తే, ఇతను ఒక్క పాటతో మనుషులనే ఆయుధాలుగా మార్చేశాడు. రామరాజు మనసు మారేది అక్కడే. ఇప్పుడు ఆ పాట తీసేయండి. సెకండాఫ్‌లో అతను ఎందుకు మారాడో చెప్పడానికి ఇంకేం మిగలదు. రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది కాలభైరవ, ఆ పాటకే అతనికి జాతీయ అవార్డు వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో వినండి. మొదట్లో గొంతు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. దెబ్బలు తింటున్న మనిషి పక్కన ఆర్కెస్ట్రా ఉండదని కీరవాణి గారికి తెలుసు.

'బాహుబలి 2'లో 'దండాలయ్యా' కూడా అంతే. బాహుబలి కోట వదిలి వెళ్తుంటే జనం పాడే పాట అది. రాజు పదవి పోయింది, ప్రజలు మాత్రం పోలేదని వేరే డైలాగ్ అక్కర్లేదు.

ఇప్పుడు నా బాధ. ఈమధ్య పాన్ ఇండియా సినిమాల్లో పాట సన్నబడిపోతోంది, బీజీఎం లావెక్కిపోతోంది. హీరో నడిస్తే కోరస్, కారు దిగితే కోరస్, వెనక్కి తిరిగి చూస్తే కోరస్. పక్కనే తల్లి పాత్ర ఏదో మాట్లాడుతుంది, వినపడదు. ఇంకొకటి, ఐదు భాషల్లో ఒకేసారి రిలీజ్ చేయాలి కాబట్టి ఏ భాష మాట పడేసినా సరిపోయేలా ట్యూన్లు కడుతున్నారు. అలా కట్టిన ట్యూన్‌లో తెలుగు ఎక్కడ నిలబడుతుంది? మీరేమంటారో చెప్పండి. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పండి.

నేలటికెట్
తమ్ముడూ, బాగా రాశావ్. కానీ నీ పరీక్షని నేను ఒప్పుకోను.

2021 డిసెంబర్ గుర్తు తెచ్చుకో. కోవిడ్ సెకండ్ వేవ్ తర్వాత జనం ఓటీటీకి అలవాటు పడిపోయారు. పెద్ద సినిమాకి థియేటర్ నిండుతుందో లేదో అని ఇండస్ట్రీ మొత్తం టెన్షన్ పడుతోంది. ఆ నెల 2న 'అఖండ' వచ్చింది. తమన్ కొట్టిన బీజీఎంకి మా ఊరి థియేటర్‌లో కుర్చీ చేతులు వణికాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన అఘోరా ఎంట్రీకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇంట్లో టీవీకి అది సాధ్యమా? జనాన్ని మళ్లీ హాలుకి తెచ్చింది ఆ చప్పుడే. దాన్ని లావెక్కింది అనొద్దు.

ఇంకో మాట. 2010లో 'ఆరెంజ్' వచ్చింది, ఆడలేదు. హ్యారిస్ జయరాజ్ పాటలు మాత్రం జనంలో ఉండిపోయాయి. 2023 మార్చిలో మళ్లీ రిలీజ్ చేస్తే హాళ్లు నిండిపోయాయి. పాట మొదలైతే చాలు, లైట్లు ఆరిపోయిన హాల్లో మొత్తం జనం పల్లవి నుంచి చరణం దాకా పాడారు. నేను అక్కడున్నాను. తెర మీద గొంతు వినపడలేదు, అంతగా పాడారు. ఆ పాటల్లో ఒకటి తీసేస్తే కథకి చిల్లు పడుతుందా? నిజాయతీగా చెప్తున్నా, పడదు. మరి సినిమా పోయి పాట బతికిందంటే అది తెచ్చిపెట్టిన పాట ఎలా అవుతుంది?

తెలుగు_టీచరమ్మ
బాబూ, నేను రాజమండ్రిలో హైస్కూల్లో తెలుగు చెబుతాను. నీ చివరి ప్రశ్నకి నా సమాధానం చెబుతాను, అది నీకు బలమే ఇస్తుంది.

ఐదు భాషల కోసం మాటని పల్చన చేయాలన్నది నిర్మాతల భయం తప్ప వినేవాళ్ల కోరిక కాదు. రుజువు 'ఆర్ఆర్ఆర్'లోనే ఉన్న 'నాటు నాటు'. చంద్రబోస్ గారు అందులో ఏం పెట్టారో చూడు. పోట్లగిత్త, పోతురాజు, కిర్రు చెప్పులు, కర్రసాము, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు. ఇందులో ఒక్కటంటే ఒక్కటి లాస్ ఏంజెలెస్ వాళ్లకి తెలిసిన వస్తువు ఉందా? పక్కా ఊరి సరుకు. 2023 మార్చిలో ఆ ఊరి సరుకుకే ఆస్కార్ వచ్చింది. తెలుగుని తగ్గించుకుని ఉంటే ఏ దేశంలో పుట్టిందో తెలియని ఇంకో డ్యాన్స్ పాటగా మిగిలిపోయేది.

నీ పరీక్షకి మాత్రం నాదొక అభ్యంతరం. అదే సినిమాలో 'దోస్తీ' ఉంది. వంతెన దగ్గర పిల్లాణ్ని కాపాడాక ఇద్దరూ స్నేహితులవుతారు, అక్కడ వస్తుంది. నీ లెక్క ప్రకారం దాన్ని కత్తిరించవచ్చు, ఇద్దరూ దోస్తులయ్యారని రెండు షాట్లలో చెప్పేయొచ్చు. కానీ సీతారామశాస్త్రి గారు అక్కడ ఏం చేశారు? పులికీ విలుకాడికీ, తలకీ ఉరితాడుకీ స్నేహం కుదిరిందంటారు. తెర మీద ఇద్దరూ నవ్వుకుంటూ గుర్రం మీదా బండి మీదా తిరుగుతుంటారు. వాళ్లలో ఒకడు రెండోవాణ్ని పట్టుకోవడానికి వచ్చిన పోలీసని వాళ్లకి తెలియదు, పాటకి తెలుసు. పాత్రలకి తెలియనిది ప్రేక్షకుడి చెవిలో వేయడం కూడా కథ చెప్పడమే. శాస్త్రి గారు 2021 నవంబర్ 30న వెళ్లిపోయారు, సినిమా వచ్చింది 2022 మార్చి 25న. ఆ పాట హాల్లో విన్నప్పుడు నాకు దుఃఖం ఆగలేదు.

కీబోర్డ్_కుర్రాడు
టీచర్ గారూ, 'దోస్తీ' గురించి మీరు చెప్పింది చదివాక పాట మళ్లీ పెట్టుకుని విన్నాను. పులి, విలుకాడు అన్న మాట అంత ముందే వస్తుందని నేను గమనించనే లేదు. మీ మాటతో నా పరీక్షని కొంచెం పెంచుకుంటున్నాను. కథని నడిపే పాట ఒకటి, కథకంటే ముందు నడిచే పాట ఒకటి. రెండూ పాస్.

నేలటికెట్ అన్నా, 'ఆరెంజ్' పాటలు నాకూ ప్రాణం. నేను అన్నది పాట బాగుందా లేదా అని కాదు, సినిమాకి పని చేసిందా లేదా అని. నువ్వు చెప్పిన ఉదాహరణే నా వైపు ఉంది. పాటలు అంత బాగుండి కూడా 2010లో సినిమాని నిలబెట్టలేకపోయాయి కదా.

క్యాసెట్_కాలం
పిల్లలు ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే ఆనందంగా ఉంది. నాకు అరవై దాటాయి. బ్లాక్‌బస్టర్ అనే మాట మాకు లేని రోజుల్లో, అంటే 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. హీరో ఎవరు? తెల్లజుట్టు సోమయాజులు గారు. ఫైట్ లేదు, పేరున్న స్టార్ లేడు. మొదట్లో హాళ్లు ఖాళీ. నోటి మాట మీద నిండడం మొదలైంది, ఇక ఆగలేదు. తమిళనాట తెలుగులోనే ఆడింది. సంగీతానికి మహదేవన్ గారికి, పాడినందుకు బాలు గారికి, వాణీ జయరాం గారికి ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. అందులోంచి పాటలు తీసేస్తే చిల్లు పడటం కాదు బాబూ, సినిమాయే ఉండదు. కాబట్టి నీ పరీక్ష మా తరానికి కొత్త కాదు.

అయినా నేను నేలటికెట్ గారి పక్షమే. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. సరిగ్గా అప్పుడే కోస్తాని తుఫాను ముంచేసింది. మా బజార్లో మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లలో పంచె ఎగ్గట్టుకుని హాలుకి వెళ్లాం. ఇళయరాజా, వేటూరి కలిసి చేసిన 'అబ్బనీ తీయనీ దెబ్బ' కోసం మళ్లీ మళ్లీ వెళ్లిన వాళ్లున్నారు. కథకి ఆ పాట అవసరమా? అక్కర్లేదు. చిరంజీవి, శ్రీదేవి, ఆ వయొలిన్లు, అంతే. 2025 మే 9న అదే సినిమా మళ్లీ వచ్చినప్పుడు మనవణ్ని తీసుకెళ్లాను. వాడికి కథ పెద్దగా పట్టలేదు, ఆ పాటకి మాత్రం సీట్లోంచి లేచాడు. ముప్పై ఐదేళ్ల తర్వాత ఒక పదేళ్ల పిల్లవాణ్ని లేపిన పాటని నేను ఏ పరీక్షలోనూ ఫెయిల్ చేయలేను.

నువ్వు బాధపడాల్సింది ఇంకొకటుంది. మా రోజుల్లో పాటలు ముందు క్యాసెట్‌గా వచ్చేవి. ఏ వైపు ఏ పాటో, ఎవరు రాశారో, ఎవరు పాడారో ఆ చిన్న కాగితం మీద ఉండేది. ఐదారు పాటలూ వరసగా వినాల్సిందే, నచ్చనిది దాటేయాలంటే టేపు తిప్పాలి. అలా వినగా వినగా నచ్చని పాట కూడా ఎక్కేది. ఇప్పుడు ముందు ప్రోమో, తర్వాత లిరికల్ వీడియో, నెలకొకటి వదులుతారు. ముప్పై సెకన్లలో నచ్చకపోతే పని అయిపోయింది. నిదానంగా ఎక్కే పాటకి చోటే లేకుండా పోయింది.

బూత్_రూమ్
డైలాగ్ వినపడటం లేదన్న మాట దగ్గర ఆగాను. నేను థియేటర్ల సౌండ్ సెటప్, సర్వీసింగ్ చేస్తాను. తప్పంతా సంగీత దర్శకుల మీదకి పోతోంది, అది న్యాయం కాదు.

ప్రొజెక్షన్ గదిలో సౌండ్ ప్రాసెసర్ ఉంటుంది, దాని మీద వాల్యూమ్ అంకె ఉంటుంది. స్టూడియోలో మిక్స్ చేసేవాళ్లు దాన్ని 7 దగ్గర పెట్టి చేస్తారు. హాల్లో కూడా 7 దగ్గర వేస్తే వాళ్లు అనుకున్నట్టే వినపడాలి. జరిగేదేంటంటే, చప్పుడు ఎక్కువైందని ఎవరో కంప్లైంట్ చేస్తారు, ఆపరేటర్ 5కి దించేస్తాడు. యాక్షన్ సీన్లు 5 దగ్గర కూడా బాగానే మోగుతాయి, గుసగుసగా చెప్పిన డైలాగ్ మాత్రం పోతుంది. హాళ్లలో తగ్గిస్తున్నారని తెలిసి తర్వాతి సినిమాకి ఇంకా గట్టిగా మిక్స్ చేస్తారు. ఆపరేటర్ ఇంకా దించుతాడు. ఈ పోటీలో నలిగేది మాట.

రెండోది. డైలాగ్ ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉన్న స్పీకర్లోంచి వస్తుంది. సంగీతం పక్కల నుంచీ వెనక నుంచీ వస్తుంది. మధ్య స్పీకర్ పాతబడి, దాని హారన్ (పైస్థాయి ధ్వని ఇచ్చే భాగం) దెబ్బతిని ఉంటే మాట మందగించి సంగీతం మాత్రం చుట్టూ హోరెత్తుతుంది. ఒక టౌన్లో ఒక హాలుకి వెళ్తే మధ్య స్పీకర్‌లో పైస్థాయి అసలు పని చేయడమే లేదు. కొన్ని వారాలుగా జనం అలాగే సినిమాలు చూశారు, మ్యూజిక్ డైరెక్టర్‌ని తిట్టుకుంటూ ఇంటికెళ్లారు. తమ్ముడూ, ఈసారి నీకు డైలాగ్ వినపడకపోతే ఇంటర్వెల్‌లో మేనేజర్‌కి చెప్పు. 'సౌండ్ తగ్గించండి' అని మాత్రం అనకు, 'మాట స్పష్టంగా లేదు' అను. ఆ రెండింటికీ మేం చేసే రిపేరు వేరు.

కోరస్ గోల గురించి నువ్వు అన్నది మాత్రం నిజం. మొదటి నుంచి చివరిదాకా గట్టిగానే ఉంటే ఏదీ గట్టిగా అనిపించదు. 'బాహుబలి' మొదటి భాగంలో శివుడు జలపాతం ఎక్కుతున్నప్పుడు సంగీతం అతనితో పాటు పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ ఎత్తుపల్లాలు ఉన్నాయి కాబట్టే పైకి చేరాక ఒళ్లు పులకరిస్తుంది.

పల్లె_దరువు
సిరిసిల్ల వైపు మాది. డప్పు కొడతాను, పెళ్లిళ్లు, బోనాలు, జాతరలకు పోతుంటాం. అందరూ వందల కోట్ల సినిమాల గురించే మాట్లాడుతున్నారు, 'బలగం' పేరు ఎవరూ ఎత్తలేదు. 2023 మార్చి 3న వచ్చింది. పెద్ద హీరో లేడు, కోరస్ లేదు. ఊళ్లలో గ్రామ పంచాయతీ ముందు తెర కట్టి, చాపలు పరుచుకుని ఊరంతా కలిసి చూశారు. ఆ సినిమా ఎంత ఆడిందో లెక్కల్లో వెతికితే దొరకదు.

ఈ తమ్ముడి పరీక్షకి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. తాత చనిపోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. బిడ్డ, కొడుకు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. పదకొండో రోజు బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ వచ్చి పాడతారు. వాళ్లు నటులు కాదు, ఊళ్లలో అదే పాడుకుని బతికిన కళాకారులు. చనిపోయినోళ్ల ఇంట్లో అట్లా పాడడం మా దిక్కు ఉన్నదే. ఆ పాట మధ్యలో మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తరు, తెర మీద వాళ్లూ, చాపల మీద వాళ్లూ. మా ఊర్లో సినిమా అయిపోయినంక ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకున్నరు, అది నా కళ్లతో చూసిన. భీమ్స్ సంగీతం, అదే సినిమాలో 'ఊరు పల్లెటూరు' రాసిన కాసర్ల శ్యామ్ అన్నకి జాతీయ అవార్డు వచ్చింది.

ఇంకొక మాట 'నాటు నాటు' మీద. దాని నడక తిశ్రం. తకిట తకిట అని మూడు మూడుగా పోతుంది. హైదరాబాద్ గల్లీల్లో తీన్మార్ అంటారే, దానికి దగ్గరి చుట్టం. నోటితో లెక్కపెట్టకుండా కాలు దానంతట అదే పడుతుంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఆ దెబ్బ మన చెవిలో ఉంది. పాట మొదలయ్యే ముందు రామరాజు పళ్లేలతో డ్రమ్ము మీద దరువు మొదలుపెడతాడు చూడండి, అక్కడ వెనక నిలబడ్డ డ్రమ్మర్ ముఖం వెలిగిపోతుంది. వాయించేవాడిగా చెప్తున్నా, ఆ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ముఖం.

నేలటికెట్
'బలగం' మర్చిపోయినందుకు అందరి తరఫునా నేను సిగ్గుపడుతున్నా అన్నా. కానీ ఒకటి అడుగుతా. ఆ పాటని అంత పెద్దగా వినిపించింది ఏంటి? సినిమా మొత్తం ఊరి చప్పుళ్లతో నిశ్శబ్దంగా నడవడం. 'అఖండ'లో అలా చేస్తే చెల్లదు. ఏ సినిమా సంగీతం దానిదే. ఒకటే కొలబద్ద అన్నిటికీ పెట్టడం దగ్గరే తమ్ముడితో నా పేచీ.

డాలస్_మామయ్య
ఇక్కడ అమెరికాలో చూసింది చెప్తాను. లాస్ ఏంజెలెస్‌లో టీసీఎల్ చైనీస్ థియేటర్ అని చరిత్ర ఉన్న హాలు ఉంది. అక్కడ 'ఆర్ఆర్ఆర్' వేసినప్పుడు 'నాటు నాటు'కి జనం తెర ముందుకి పరుగెత్తి డ్యాన్స్ చేసిన వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. వాళ్లలో చాలామందికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా ఊళ్లో నాతో పనిచేసే అమెరికన్ కుర్రాడొకడు సినిమా చూసొచ్చి నన్ను అడిగింది పాట గురించి కాదు. 'చివర్లో కాలు నొప్పి వచ్చినట్టు నటించి అతను కావాలనే ఓడిపోయాడు కదా?' అని అడిగాడు. స్నేహితుడు ఆ అమ్మాయి ముందు గెలవాలని రామరాజు పడిపోవడం అతనికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇంత హుషారు పాటలో కూడా కథ ఉంది కాబట్టే భాష రానివాడికీ చేరింది. నా ఓటు ఖమ్మం అబ్బాయికే.

సిక్కోలు_పిల్ల
ఇంతసేపూ ఆగాను, ఇక నేనూ మాట్లాడాలి. 2020 సంక్రాంతికి 'అల వైకుంఠపురములో' వచ్చింది. 'సామజవరగమన', 'బుట్ట బొమ్మ', 'రాములో రాములా' అప్పటికే ఊరూ వాడా మోగుతున్నాయి. ఆ సినిమా పాటలకి తమన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. కానీ నేను చెప్పేది వాటి గురించి కాదు. క్లైమాక్స్ ఫైట్‌లో 'సిత్తరాల సిరపడు' వస్తుంది. సినిమాకి ముందు ఎక్కడా వదల్లేదు, హాల్లోనే మొదటిసారి విన్నాం. మా శ్రీకాకుళం యాస, మా మాటలు, మా గొంతు. సినిమాల్లో మా యాస వినపడితే అది నవ్వించడానికే అయి ఉంటుందని చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ రోజు అదే యాసలో హీరోని పొగుడుతున్నారు. మా వరసలో కూర్చున్న వాళ్లందరం ఒక్కసారే అరిచాం. అది ఫైట్ వెనక వచ్చే పాట, బీజీఎం అనాలో పాట అనాలో కూడా తెలియదు. నీ పరీక్షలో దానికి ఎన్ని మార్కులు?

కీబోర్డ్_కుర్రాడు
అక్కా, నిజం చెప్పాలంటే ఆ పాట తీసేసినా ఫైట్ అర్థమవుతుంది. కథకి చిల్లు పడదు. కాబట్టి నా పరీక్షలో పాస్ కాదు. కానీ పెద్ద సినిమా బీజీఎం ఎలా ఉండాలని నేను కోరుకుంటున్నానో అది అలాగే ఉంది. అర్థం లేని కోరస్ బదులు ఒక ప్రాంతం గొంతు, ఒక ఊరి మాట. హీరోని ఎత్తడానికి గట్టిగా అరవక్కర్లేదని తమన్ గారు అక్కడే చూపించారు. 'అఖండ' కూడా ఆయనదే కదా, అందుకే నేలటికెట్ అన్నతో నా గొడవ ఆయన మీద కాదు. ఆయనకి రెండూ వచ్చు. నిర్మాతలు ఆయన్ని ఏది అడుగుతున్నారన్నదే నా గొడవ.

దరువు అన్నా, 'బలగం' మా అమ్మతో కలిసి చూశాను. కాకి ముట్టే సీన్ దగ్గర అమ్మ వైపు చూడలేకపోయాను. డ్రమ్మర్ ముఖం సంగతి ఇప్పుడే చూశాను, ఇన్నిసార్లు చూసి కూడా నా కళ్లు డ్యాన్స్ మీదే ఉన్నాయి. నేను కీబోర్డ్‌లో తిశ్రం వాయించాలంటే ఎడమచేయి ఎప్పుడూ నాలుగులోకి జారిపోతుంది, దానికి ఏం సాధన చేయాలో చెప్పగలవా?

బూత్_రూమ్ అన్న చెప్పింది మా క్లాసులో అందరికీ చెప్పాను. క్యాసెట్ అంకుల్, 'శంకరాభరణం' ఈ ఆదివారం చూస్తాను, టీవీలో ముక్కలుగా కాదు, మొదటి నుంచి.

పల్లె_దరువు
కీబోర్డ్ పక్కన పెట్టు తమ్ముడూ. ముందు కాలితో నడువు. ఒక్కో అడుగుకి తకిట అని నోటితో అను, ఒక అడుగుకి ఒక తకిట. ఇంటి చుట్టూ తిరుగుతూ అను. మాట తడబడకుండా అడుగు పడ్డంక అప్పుడు ఎడమచేయికి ఇవ్వు. తాళం కొలిచే మెట్రోనోమ్ వెంటనే పెట్టుకోకు, మొదట ఒంటికి పట్టాలి.

సిక్కోలు_పిల్ల
ఫైట్ అర్థమవుతుంది సరే. మా వరస ఎందుకు అరిచిందో ఆ పాట లేకుండా అర్థమవుతుందా? సినిమా తెర మీదే కాదు తమ్ముడూ, కుర్చీల్లో కూడా నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో నీ పరీక్ష నేను ఒప్పుకోను, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను.